విదేశ వైద్యపట్టములు - స్వదేశ పరీక్ష

విదేశములలో వైద్యవిద్య ముగించి వచ్చు మన యువకులకు ఏటేట జూన్, డిసెంబరు మాసములలో జాతీయ పరీక్షామండలివారు పరీక్ష జరుపుచున్నారు. ఆంగ్లదేశాది అయిదు దేశముల ఉన్నతపట్టములు గలవారు దక్క, తక్కినవారు 2002వ సంవత్సరపు నిబంధనల ననుసరించి దీనిలో నుత్తీర్ణులు కానిదే ఇచట వైద్యము చేయరాదు. ప్రశ్నలు 300, సరియైన సమాధానములు 150 వ్రాసిన చాలును. తప్పునకు మార్కులు తగ్గింపరు. ఓడినవారు మరల మరల కూర్చుండవచ్చును. ఇన్ని సౌకర్యము లుండియు, 2015 మొదలు 2018 వరకు నూటికి సుమారు 14 మంది మాత్రమే గట్టెక్కిరి. పిమ్మట కొంత మెరుగుపడినను, 2024 జూన్ పరీక్షలో సైతము అయిదుగురి కొక్కరు చొప్పుననే నెగ్గిరి.

పరీక్షయే అన్యాయమనువారు కలరు. స్వదేశమున చదివినవారికి లేని పరీక్ష తమకేల యని వారి ప్రశ్న. ఇందు కొంత న్యాయము లేకపోలేదు. 2019 చట్టము అందరి కొకే పరీక్ష యుండవలెనని శాసించినది. 2023లో దానిని వాయిదా వేసిరి. అందరిని ఒక్క కుంచముతో కొలుచుట మాకు సమ్మతమే. కాని కుంచమును చిన్నది చేయుమనుట సమ్మతము కాదు. 1930లో ఆంగ్లేయుల వైద్యమండలి మన పట్టములకు గుర్తింపు తీసివేసిన పిమ్మట 1933 నాటి చట్టము ననుసరించి మనకొక వైద్యమండలి యేర్పడినది. నాడు ఒరులచే కొలువబడినవారము. నేడు కొలుచు నధికారము మనది. దానిని సడలించినచో నష్టపడువాడు రోగి. ఈ పరీక్ష నెగ్గకయే 73 మంది, 14 రాష్ట్రముల వైద్యమండలులలో పేరులు నమోదు చేయించుకొనిరని 2022 డిసెంబరులో కేంద్ర దర్యాప్తు సంస్థ కేసు పెట్టినది. ఆ ఆరోపణ విని యేగృహస్థు నిశ్చింతగా నుండగలడు?

ఓటమికి బాలుర బుద్ధిమాంద్యము కారణమని మేము తలంపము. కిర్గిజ్ దేశముననో రష్యాలోనో చదువు మన పిల్లవానికి పాఠము ఆంగ్లమున చెప్పుదురు. రోగి మాటలాడునది రష్యను భాష. బాధ యెక్కడ, ఎన్నాళ్లనుండి యని యడిగి తెలిసికొనుటయే వైద్యమునకు మొదటి మెట్టు గదా! ఆ మెట్టు ఎక్కకయే యేండ్లు గడచును. ఇచటి పరీక్షలో వైద్యము, శస్త్రచికిత్స, ప్రసూతి శాస్త్రములకే 95 మార్కులు. సామాజిక వైద్యమునకు 30. మన టీకాల క్రమము, మన క్షయనివారణ పథకము, మన పల్లెల నీరు - వీనినిగూర్చి అచట బోధించువా రెవరు? తిరిగివచ్చిన పిమ్మట హైదరాబాదులో గది యద్దెకు తీసికొని, ఆరేండ్ల చదువును ఆరుమాసములలో కంఠస్థము చేయబూనుచున్నారు. ప్రశ్నలకు జవాబులు గుర్తించు నేర్పు కొంత యలవడునేమో. రోగి నాడి పట్టు నేర్పు గదిలో రాదు.

ఇక తండ్రులతో ఒక మాట. పది సెంట్ల భూమి కొనునప్పుడు పట్టా చూతురు, అడంగలు చూతురు, ముప్పదియేండ్ల ఈసీ తీయింతురు. అట్టి భూమినే యమ్మి కుమారుని పంపునప్పుడు మాత్రము దళారి చూపిన రంగుల కాగితము చాలునా? ఆ చదువు 54 నెలలకు తక్కువ కాకుండ నున్నదా, బోధన ఆంగ్లముననేనా, అచటనే పండ్రెండు నెలల ఇంటర్నుషిప్పు కలదా, ఆ దేశపు పౌరునివలె అచటను వైద్యము చేయు నర్హత ఆ పట్టమునకు లభించునా? 2021 నవంబరు నిబంధనలు వీనినన్నింటిని కోరుచున్నవి. వీనిలో నొకటి లోపించినను పరీక్షదాక పోవు పనియే లేదు. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న: ఆ కళాశాలనుండి వచ్చినవారిలో ఎందరు నెగ్గిరి? పరీక్షామండలివారు 2015-2018 ఫలితములను దేశములవారిగ, కళాశాలలవారిగ ప్రకటించియే యున్నారు. దళారి దానిని చూపడు, మన మడుగము.

ప్రభుత్వములు చేయదగిన పనియు కలదు. తిరిగివచ్చిన విద్యార్థులను బోధనాసుపత్రులలో ఆచార్యుల వెంట వార్డులలో తిరిగి చూచి నేర్చుకొన నీయవలెను. చికిత్స చేయు నధికారము ఉత్తీర్ణతకు పిదపనే. ఇంటరు ఫలితములు వెలువడకమునుపే, కళాశాలలవారి ఉత్తీర్ణతల పట్టికను తెలుగున నచ్చువేయించి ప్రతి జూనియరు కళాశాల గోడకును అంటించుట హైదరాబాదు, అమరావతి ప్రభుత్వములకు మోయరాని ఖర్చు కాదు.