మారిషస్‌లో మన అప్పన్న

డ్యూయెట్ల పుణ్యమా అని మారిషస్ అంటే మనకి నీలం సముద్రం, తెల్ల ఇసుక, హీరోయిన్ చీరకొంగు! అవన్నీ ఉన్నాయి, కాదనను. షమరెల్‌లో ఏడు రంగుల మట్టి చూసి నేనూ నోరు తెరిచాను. పోర్ట్ లూయిస్ వీధిలో ‘దాల్ పూరీ’ తిన్నాను. లోపల పప్పు కూరిన మన బొబ్బట్టే, బెల్లం మాత్రం లేదు. చిక్కుడుగింజల కూర, పచ్చడి వేసి చుట్టి ఇస్తారు.

అసలు సంగతి వేరే. 19వ శతాబ్దంలో కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి పోయిన మనవాళ్ళ వారసులు అక్కడ ఇప్పటికీ సింహాద్రి అప్పన్నని కొలుస్తారు. ఉగాదికి దేశమంతా సెలవు! ఓ ముసలాయన రామభజన ఎత్తుకుంటే తెలుగు ఖంగుమంది. అయ్యాక పలకరించాను... జవాబు క్రియోల్‌లో వచ్చింది! పక్కనున్న మనవరాలే, బళ్ళో నేర్చిన తెలుగులో, “ఏ సినిమా చూస్తే తాతయ్యతో తెలుగు మాట్లాడొచ్చండీ?” అనడిగింది.

మీరైతే ఏ సినిమా చెబుతారు? రాయండి.