కానుకను కాదన్నా... బిడ్డను కాదనొద్దు!

ఆ రోజు తండ్రి పుట్టినరోజు. ఇల్లంతా ముస్తాబు చేసి, నెలల తరబడి కష్టపడి సంపాదించిన డబ్బును పొట్లం కట్టి కొడుకు తండ్రి చేతిలో పెట్టాడు. వ్యాపారంలో తండ్రి పోగొట్టుకున్న సొమ్మును పూడ్చడానికి తెచ్చిన డబ్బది. తండ్రి పొట్లం విప్పాడు. ఇది ఎలా వచ్చిందని అడిగాడు. సంగతి విన్నాక, నాకొద్దు, తిరిగి ఇచ్చేయమన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నీ తోడబుట్టినవాడిలా నువ్వు కూడా ఒక మంచి జీవితాన్ని కానుకగా ఇచ్చి ఉంటే సంతోషించేవాణ్ణి అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ ఇల్లు కూలిపోయింది.

ఎలియా కజాన్ దర్శకత్వంలో 1955లో వచ్చిన 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్' అనే అమెరికన్ సినిమాలోని సన్నివేశమిది. జాన్ స్టెయిన్‌బెక్ తన ఇద్దరు చిన్న కొడుకులను మనసులో పెట్టుకొని రాసి, 1952లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. ఆ పెద్ద నవలలోని చివరి భాగాన్నే సినిమాగా తీశారు. ఆ పేరుకు అర్థం 'ఏదెనుకు తూర్పున' అని. తమ్ముణ్ణి చంపిన కయీను దేవుని సన్నిధి నుంచి వెళ్లిపోయి నివసించిన నోదు దేశం అక్కడే ఉందని ఆదికాండము 4వ అధ్యాయం చెబుతోంది. సినిమాలో తండ్రి పేరు ఆడమ్, అంటే మన ఆదామే. కొడుకులు కాల్, ఆరన్. కయీను, హేబెలు పేర్లను ఇంగ్లిష్‌లో రాస్తే వచ్చే మొదటి అక్షరాలే వీరి పేర్లకూ మొదటి అక్షరాలు. భక్తి శీర్షికలో సినిమా కబుర్లేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇది దేవుడు తెలియని ఇంటి కథ కాదు. భోజనాల బల్ల మీద బైబిలు తెరిచి ఉన్న ఇంటి కథ. అందుకే ఇది మన కథ కూడా!

అది 1917వ సంవత్సరం. కాలిఫోర్నియా రాష్ట్రంలోని సలీనాస్ లోయ. ఆడమ్ ట్రాస్క్ నీతిమంతుడు, మాటకు కట్టుబడే మనిషి, ఊళ్లో గౌరవం ఉన్నవాడు. ఇద్దరు కొడుకుల్లో ఆరన్ బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకుంటారు. కాల్ మాత్రం రాత్రుళ్లు తిరుగుతాడు, ఎదురు మాట్లాడతాడు, ఏదో వెతుక్కుంటున్నట్టుంటాడు. అతను వెతికేది తల్లిని! మీ తల్లి చనిపోయిందని ఆడమ్ పిల్లలకు చెప్పాడు. నిజానికి ఆమె భర్తను తుపాకీతో కాల్చి గాయపరచి, ఇల్లు విడిచి వెళ్లిపోయింది. పక్కనే ఉన్న మాంటెరేలో వేశ్యాగృహం నడుపుతోంది. కాల్‌కు ఆ సంగతి తెలిసిపోయింది. తండ్రి మంచివాడు, తల్లి చెడ్డది, నేను చెడ్డవాణ్ణి కనుక తల్లి పోలికే నాకు వచ్చిందని ఆ కుర్రవాడు తనకు తానే తీర్పు తీర్చుకున్నాడు. ఎదిగే వయసు పిల్లల మనసులో ఇలాంటి తీర్పులు ఎన్ని ఉంటాయో ఇంట్లోవాళ్లకు తెలియదు. అడిగితే కదా తెలిసేది!

సినిమాలో ఒక రాత్రి సన్నివేశం ప్రతి విశ్వాసీ చూడదగినది. కాల్ కోపంలో తండ్రి ఐస్ కార్ఖానాలోని మంచు దిమ్మలను కిందికి తోసి పగలగొడతాడు. ఆడమ్ అతన్ని కొట్టడు. బల్ల దగ్గర కూర్చోబెట్టి బైబిలు తెరిచి 32వ కీర్తన చదవమంటాడు. కాల్ ఏ భావమూ లేకుండా, మొండిగా, వచనాల సంఖ్యలతో సహా గడగడా చదువుతాడు. సంఖ్యలు వద్దని తండ్రి చెప్పినా మానడు. చివరికి తండ్రి సహనం కోల్పోయి నువ్వు పూర్తిగా చెడ్డవాడివని అనేస్తాడు. కొడుకు ఔనని ఒప్పుకుంటాడు. ఆ సంగతి తనకు ఎప్పటినుంచో తెలుసంటాడు.

32వ కీర్తన దేని గురించో గుర్తు చేసుకోండి. తన అతిక్రమాలకు క్షమాపణ దొరికిన మనిషి ఎంత ధన్యుడో చెప్పే కీర్తన అది. పాపాన్ని దాచుకున్నంత కాలం ఎముకలు క్షీణించినట్టయిందనీ, ఒప్పుకోగానే దేవుడు క్షమించాడనీ దావీదు సంతోషంతో పాడుకున్నాడు. క్షమాపణను చాటే ఆ కీర్తనను ఆడమ్ శిక్షగా మార్చేశాడు! వాక్యం సరైనదే, చదివించిన మనసే సరైనది కాదు. కొడుకు సంఖ్యలను మాత్రమే చదివాడని మనం తప్పుపడతాం. ఆ కీర్తనలోని కృపను ఆ బల్ల దగ్గర తండ్రి మాత్రం చదివాడా?

ఇది సలీనాస్‌లోనే జరిగేదని అనుకోవద్దు. మన ఇళ్లలో రాత్రి కుటుంబ ప్రార్థన ఎలా సాగుతోందో ఒక్కసారి ఆలోచిద్దాం. పక్కనే పిల్లవాడు మోకాళ్ల మీద ఉంటాడు. ప్రభువా, మా వాడి మొండితనం తీసెయ్యి, చెడు స్నేహాలు మాన్పించు, అన్నలా చదివే బుద్ధినివ్వు అని పెద్దలు కళ్లు మూసుకొని ప్రార్థిస్తారు. అది దేవునికి చేసిన ప్రార్థనా, పిల్లవాడికి వినిపించిన ఫిర్యాదా? దేవుని ముందు తనపై రోజూ నేరం మోపడమే ప్రార్థన అని నేర్చుకున్న బిడ్డ, పెద్దయ్యాక ప్రార్థనకు దూరమైతే ఆశ్చర్యం ఏముంది? తండ్రులు తమ పిల్లలకు కోపం పుట్టించి వారి మనసు కుంగిపోయేలా చేయవద్దని పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో హెచ్చరించాడు. పిల్లలు విధేయులై ఉండాలన్న ఆజ్ఞను మనం కంఠతా పట్టిస్తాం. దాని పక్కనే ఉన్న ఈ ఆజ్ఞను మాత్రం చూసీ చూడనట్టు దాటేస్తాం.

మళ్లీ కథలోకి వద్దాం. లెట్యూస్ అనే ఆకుకూరను మంచుగడ్డల మధ్య ఉంచి రైల్లో దూర ప్రాంతాలకు పంపాలన్నది ఆడమ్ ఆలోచన. దారిలో మంచుచరియలు విరిగిపడి రైలు ఆగిపోయింది. గడ్డలు కరిగాయి, సరుకంతా కుళ్లిపోయింది, ఆయన సొమ్ము పోయింది. ఆ నష్టాన్ని తానే పూడ్చాలని కాల్ నిశ్చయించుకున్నాడు. 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగడంతో చిక్కుడు గింజల ధర పెరుగుతుందని లెక్క వేసుకున్నాడు. తల్లి దగ్గరకే వెళ్లి 5,000 డాలర్లు అప్పు తెచ్చాడు. పంట వేయించి, చేలో నేలమీద పడుకొని మొలకలు ఎదగడం చూసి చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు. ఆ మురిపెం డబ్బు కోసం కాదు. నాన్న ఒక్కసారి నన్ను చూసి సంతోషిస్తాడన్న ఆశ కోసం!

ఇక్కడ ఆడమ్‌కు న్యాయం చేయాలి. సైన్యంలోకి యువకులను పంపే స్థానిక బోర్డులో ఆయన పనిచేస్తున్నాడు. తన సంతకంతో వెళ్లిన కుర్రవాళ్లలో కొందరు తిరిగి రారని ఆయనకు తెలుసు. వారి ప్రాణాలు పోతుంటే యుద్ధం వల్ల వచ్చిన లాభాన్ని నేనెలా తీసుకోనని ఆయన అడిగాడు. ఆ మాటలో తప్పేముంది? మన కాలంలోనూ అలాంటి మనస్సాక్షి ఉన్నవాళ్లు కావాలి. ఆడమ్ తప్పు డబ్బును తిరస్కరించడం కాదు. డబ్బుతోపాటు కొడుకును కూడా తిరస్కరించడం! ఈ డబ్బు నేను తీసుకోలేను నాయనా, కానీ నా కోసం నువ్వు పడిన కష్టం చూశాను అని చెప్పి ఉంటే నీతి నిలబడేది, కొడుకూ నిలబడేవాడు. 2006లో వచ్చిన మన 'బొమ్మరిల్లు' సినిమాలో తండ్రి కొడుక్కి అన్నీ తానే ఎంచి ఇస్తాడు. ఆ తండ్రిది అతి ప్రేమ, ఈ తండ్రిది అతి నీతి. రెండిళ్లలోనూ కరవైనది ఒక్కటే, కొడుకు మాట వినే చెవి!

ఆదికాండములో దేవుడు కూడా ఒక కానుకను తిరస్కరించాడు. పొలం పంటలో నుంచి కయీను తెచ్చిన అర్పణను ఆయన లక్ష్యపెట్టలేదు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ముఖం చిన్నబుచ్చుకున్న కయీను దగ్గరికి దేవుడే వచ్చి మాట్లాడాడు. నీకు కోపమెందుకని అడిగాడు. మంచి చేస్తే తల ఎత్తుకోగలవన్నాడు. పాపం వాకిట్లో పొంచి ఉందని హెచ్చరించాడు, దాన్ని నువ్వు ఏలాలన్నాడు. నువ్వు పుట్టుకతోనే చెడ్డవాడివని అనలేదు. హత్య జరిగిన తర్వాత సైతం, ఎవరూ కయీనును చంపకుండా అతనికి ఒక గుర్తు వేసి కాపాడాడు. దేవుడు కానుకను కాదన్నాడు గానీ మనిషిని వదిలిపెట్టలేదు. ఆడమ్‌కు ఆదాము పేరు వచ్చింది గానీ ఆ దేవుని గుణం అలవడలేదు.

ఆ సన్నివేశం చిత్రీకరణ గురించి ఒక విషయం చెబుతారు. డబ్బు తిరస్కరించగానే కాల్ వెనుదిరిగి వెళ్లిపోవాలని స్క్రిప్టులో ఉందట. కాల్‌గా నటించిన జేమ్స్ డీన్ అలా వెళ్లకుండా, ఏడుస్తూ వెళ్లి తండ్రి పాత్రధారి రేమండ్ మాస్సీని కావలించుకున్నాడు. అనుకోని ఆ పనికి మాస్సీ తడబడి, ఏం చేయాలో తోచక కాల్ పేరు పిలుస్తూ ఉండిపోయాడు. కజాన్ దాన్నే సినిమాలో ఉంచేశాడు. కొడుకు మీద పడి ఏడుస్తుంటే చేతులు చాచడం తెలియని తండ్రి! దానికి మించిన దృశ్యం ఈ సినిమాలో లేదు. తొమ్మిదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకొని, తండ్రికి దూరంగా బంధువుల ఇంట పెరిగినవాడు డీన్. 1955 సెప్టెంబరు 30న, 24 ఏళ్ల వయసులో కారు ప్రమాదంలో మరణించాడు. అతను ప్రధాన పాత్ర పోషించిన మూడు సినిమాల్లో, అతను బతికుండగా విడుదలైంది ఇదొక్కటే.

ఆ రాత్రి కాల్ పగతో రగిలిపోయాడు. ఆరన్‌ను మాంటెరేకి తీసుకువెళ్లి తల్లి ముందు నిలబెట్టాడు. మంచితనం మీదనే బతికిన ఆరన్ ఆ ఒక్క నిజాన్ని తట్టుకోలేకపోయాడు. తాగి, సైనికుల రైలెక్కి, కిటికీ అద్దాన్ని తలతో పగలగొట్టుకొని, తండ్రిని చూసి పిచ్చివాడిలా నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆరన్ ఎక్కడని తండ్రి అడిగితే, నేనేమైనా వాడికి కాపలాదారుణ్ణా అన్నట్టు కాల్ కయీను జవాబునే చెప్పాడు. చూశారా, ఆ ఇంట్లో నష్టపోయింది చెడ్డవాడనిపించుకున్న కొడుకు ఒక్కడే కాదు. మంచివాడనిపించుకున్నవాడు కూడా! మంచిగా ఉంటేనే ప్రేమిస్తారని నేర్చుకున్న బిడ్డకు పడిపోతే లేవడం రాదు. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుణ్ణి మనం గుర్తుంచుకుంటాం. పొలంలో పనిచేసి కూడా తండ్రి ప్రేమ తెలియక, లోపలికి రానని వాకిట్లో అలిగి నిలబడ్డ పెద్ద కొడుకును మరచిపోతాం. ఆ తండ్రి మాత్రం ఇద్దరినీ మరవలేదు. చిన్నవాడి కోసం పరుగెత్తాడు, పెద్దవాడి కోసం బయటికి వచ్చి బతిమాలాడు.

కొడుకు వెళ్లిపోయిన బాధతో ఆడమ్‌కు పక్షవాతం వచ్చింది. మంచంలో కదలలేకుండా పడి ఉన్నాడు. ఆరన్‌ను ప్రేమించిన అబ్రా అనే అమ్మాయి ఆయన దగ్గర కూర్చుని బతిమాలుతుంది. ప్రేమ దొరకని బతుకు ఎంత భయంకరమో చెబుతుంది. కాల్‌ను ప్రేమిస్తున్నానని చెప్పలేకపోతే కనీసం అతన్ని ఏదో ఒకటి అడగమంటుంది. ఆడమ్ ఎంతో కష్టం మీద పెదవులు కదిపి కొడుకు చెవిలో చెబుతాడు. ఈ నర్సు నాకు నచ్చలేదు, ఇంకెవరినీ తేవద్దు, నువ్వే నా దగ్గరుండి చూసుకో అని. కాల్ కుర్చీ లాక్కొని తండ్రి మంచం పక్కన కూర్చుంటాడు. సినిమా ముగుస్తుంది.

నిన్ను క్షమించానని ఆడమ్ అనలేదు. నువ్వు మంచివాడివనీ అనలేదు. నాకు నీ అవసరం ఉందన్నాడు, అంతే! ఎవరి చేతి నుంచీ ఏమీ తీసుకోని ఆ నీతిమంతుడు మొదటిసారి కొడుకు చేయి కోరాడు. ఆ రోజే ఆయన నిజంగా తండ్రి అయ్యాడు.

యేసుప్రభువు చేసింది కూడా ఇదే కదా! ఊరంతా చులకనగా చూసే సమరయ స్త్రీతో ఆయన మాట్లాడిన మొదటి మాట పాపం గురించి కాదు, దాహానికి నీళ్లిమ్మని అడిగిన మాట. అయిదు వేల మంది ఆకలి తీర్చడానికి ఒక చిన్నవాడి దగ్గరున్న అయిదు రొట్టెలు, రెండు చేపలు తీసుకున్నాడు. అవి ఎంతమాత్రం సరిపోతాయని శిష్యులు అనుమానపడ్డారు గానీ ప్రభువు అనుమానపడలేదు. అత్తరు పోసిన స్త్రీని చుట్టూ ఉన్నవాళ్లు గద్దిస్తే, ఈమెను ఎందుకు బాధపెడుతున్నారని అడ్డుకున్నాడు. ఏ లోటూ లేని దేవుడు మనుషుల చేతుల్లోంచి తీసుకోవడం నామోషీ అనుకోలేదు. మరి మనకెందుకంత బింకం?

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ బిడ్డ లోపాలు చదవకండి. అతని పేరు పెట్టి దేవునికి కృతజ్ఞతలు చెప్పండి, అతను వింటుండగానే చెప్పండి. ప్రార్థన ముగిశాక మీ కోసం ఒక చిన్న పని చేసిపెట్టమని అడగండి. అతను సరిగ్గా చేయకపోవచ్చు, వంకరగా చేయవచ్చు. అయినా ఆ చేతిని తోసేయకండి. ఆడమ్‌కు ఆ మాట అడగడానికి ఒక కొడుకు వెళ్లిపోవాల్సి వచ్చింది, శరీరం పడిపోవాల్సి వచ్చింది. మనకు కాళ్లూ చేతులూ ఆడుతుండగానే, బిడ్డ ఇంట్లో ఉండగానే దేవుడు ఆ అవకాశమిచ్చాడు. బిడ్డ గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. లేచి వెళ్లి తలుపు తట్టండి!