దారి చెప్పే పెట్టె

చాదర్‌ఘాట్ నుంచి ఒక పాఠకుడు ఈ నెల పెద్ద ప్రశ్నే పంపాడు. "మా బాబాయి మోటారు సైకిలు మీద శ్రీశైలం వెళుతూ వుంటాడు. అప్పుడప్పుడు తారు రోడ్డు దిగి మట్టి బాటల్లో కూడా తిరుగుతాడు. దారి చూపే యంత్రం ఒకటి కొంటానంటున్నాడు. చేతిలో ఫోను వుండగా ఆ ఖర్చు దండగ అంటుంది నాన్నమ్మ. ఎవరి మాట నిజం?"

నాన్నమ్మ మాట సగం నిజం, బాబాయి మాట సగం నిజం. ఏ సగం ఎవరిదో తేలాలంటే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి.

ఫోనులో దారి కనబడటం టవరు చలవే అని చాలామంది పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు. అది పొరపాటు. మీరెక్కడ వున్నారో చెప్పేవి ఉపగ్రహాలు. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు నేలకు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి. ఒక్కొక్క దానిలో అణు గడియారాలున్నాయి. "నేను ఫలానా చోట వున్నాను, ఇప్పుడు టైము ఇంత" అని అవి అస్తమానం చాటుతూ వుంటాయి. ఫోను వాటిని వింటుందే గాని జవాబు చెప్పదు. ఆ మాట తనదాకా రావటానికి పట్టిన కాలాన్ని బట్టి, ఆ ఉపగ్రహం ఎంత దూరాన వున్నదో లెక్క కడుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు తేలుతుంది. అయితే ఫోనులో వుండేది చౌక గడియారం గదా! దాని తప్పు దిద్దటానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

గడియారం తప్పితే ఏమవుతుందంటారా? రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. కాబట్టి సెకనులో పదిలక్షలో వంతు తేడా వస్తే, దూరంలో 300 మీటర్లు తేడా వస్తుంది. చాదర్‌ఘాట్‌లో వున్న మీరు మూసీ అవతలి ఒడ్డున వున్నట్టు కనబడవచ్చునన్నమాట! మన దేశం కూడా నావిక్ అనే పేరుతో ఇటువంటి ఉపగ్రహాలనే పంపింది. మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. తొలి ఉపగ్రహాలలో పెట్టిన విదేశీ గడియారాలు కొన్ని ఆగిపోయాయి. 2023 మే 29న వెళ్ళిన ఉపగ్రహంలో మనవాళ్ళు తయారుచేసిన అణు గడియారాన్ని కూడా పెట్టారు.

మీకు నమ్మకం లేకపోతే నాన్నగారి ఫోను అడిగి తీసుకుని, పటం తెరిచి, దానిలో విమానం గుర్తు నొక్కి, డాబా మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూడండి. టవరుతో సంబంధం తెగిపోయినా, చాలా ఫోనులలో నీలి చుక్క మీతోపాటే కదులుతుంది.

ఆ చుక్క ఉపగ్రహాల వల్ల వచ్చింది. చుక్క కింద వుండే పటం మాత్రం టవరు ద్వారానే వస్తుంది. కీలకమంతా ఇక్కడే వుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళేటప్పుడు మన్ననూరు దాటి నల్లమల అడవిలో ప్రవేశించాక చాలాచోట్ల ఫోనుకు టవరు అందదు. అప్పుడు చుక్క వుంటుంది గాని పటం వుండదు. తెల్ల కాగితం మీద చుక్క పెట్టి దారి కనుక్కోమంటే ఎవరి తరం? మందు చాలా తేలిక. బయలుదేరే ముందు ఇంట్లోనే ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులోకి దింపుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే తారు రోడ్డు ప్రయాణానికి ఫోను చాలు. నాన్నమ్మ గెలిచినట్టే. (అన్నట్టు, ఆ అడవి రోడ్డు రాత్రివేళ మూసివేస్తారు. పులులుండే అడవి గనక అక్కడ రోడ్డు దిగి మట్టి బాట పట్టడమూ కూడదు. బాబాయి షికార్లకు వేరే చోటు చూసుకోవాలి.)

ఇక మట్టి బాట. ఇక్కడ ఫోనుకు కష్టాలు మొదలవుతాయి. మే నెల ఎండలో వేడెక్కి తనంతట తానే ఆరిపోతుంది. వాన పడితే గాజు మీది చినుకునే వేలు అనుకుని ఏదో ఒకటి తెరుస్తుంది. ఇంజను అదురు సరేసరి. మోటారు సైకిలు అదురుకు కెమెరా పాడుకావచ్చునని ఐఫోను తయారుచేసే ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్టుకు వెళితే ఫోను బిగించే పట్టీలు రకరకాలవి దొరుకుతాయి. అదురును మింగే రబ్బరున్నదే కొనమని బాబాయితో చెప్పండి.

మోటారు సైకిలు కోసమే చేసిన యంత్రాలకు ఈ బాధలు తక్కువ. తెర ఎండలో కూడా కనబడుతుంది. చేతి తొడుగు తీయకుండానే నొక్కవచ్చు. కరెంటు బండి బ్యాటరీ నుంచే వస్తుంది. పెట్టె మీద ఐ.పి.ఎక్స్.7 అని వున్నదేమో చూడాలి. మీటరు లోతు నీళ్ళలో అరగంట వుంచినా లోపలికి నీరు దిగదని దాని అర్థం. కాలినడక వాళ్ళు వాడే చేతి యంత్రాలు మరొక రకం. వాటిలో కొన్ని పెన్సిలు సెల్లులతో నడుస్తాయి. ఏ పల్లె కొట్లోనైనా రెండు సెల్లులు కొని వేసుకోవచ్చు. తెర చిన్నదే, అందమూ తక్కువే. అయినా మట్టి బాటకు నాకు ఇదే నచ్చుతుంది. పైగా వచ్చిన దారినంతా గీతగా గీసి పెట్టుకుంటుంది. తప్పిపోతే ఆ గీత పట్టుకునే వెనక్కు రావచ్చు. ఫోను కూడా ఆ పని చేయగలదు, కాని ఆలోగా దాని బ్యాటరీ అయిపోకుండా వుండాలి.

యంత్రం ఎంత ఖరీదైనదైనా దానిలోని పటం ఎవరో ఒకరు నేలను కొలిచి గీసిందే. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే ఆయన దేశాన్ని కొలవటం మొదలుపెట్టాడు. 1818 చివర జార్జ్ ఎవరెస్టు హైదరాబాదు వచ్చి ఆయన దగ్గర పనిలో చేరాడు. మరుసటి ఏడే కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలుస్తూ వానాకాలపు జ్వరం తగిలి మంచాన పడ్డాడు. తేరుకోవటానికి 1820లో ఓడ ఎక్కి ఆఫ్రికా దక్షిణపు కొసకు పోవలసి వచ్చింది. హిమాలయాల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరానికి తరువాత పెట్టింది ఈయన పేరే. సర్వే ఆఫ్ ఇండియావారి పటాలలో 1:50,000 కొలతవి వున్నాయి. అందులో 2 సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. గుట్ట ఎంత నిటారుగా వున్నదో, వాగు ఎక్కడ అడ్డు వస్తుందో దానిలోని గీతలు చెబుతాయి. మట్టి బాట పట్టేవాడి సంచిలో అటువంటి పటం ఒకటి వుండాలి.

అంతా సరిగా వున్నా పెట్టెకు తెలియనివి వుంటాయి. అది మీ చాదర్‌ఘాట్‌లోనే చూడవచ్చు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తరువాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. పెద్ద వానలకు వాటి గేట్లు ఎత్తితే మీ చిన్న వంతెన మీదికి నీరు వచ్చేస్తుంది. 2025 సెప్టెంబరు చివర అలాగే వచ్చి రాకపోకలు ఆపారు. వంతెన మూసినట్టు ఎవరైనా తెలియజేసేదాకా పెట్టెకు తెలియదు. "తిన్నగా పొండి" అనే అంటుంది. ఊరి బయట వాగుల సంగతి దానికి చెప్పేవాళ్ళే వుండరు. అక్కడ బండి ఆపి, పొలంలో వున్న మనిషిని అడగాలి.

కాబట్టి బాబాయి ఇప్పుడే కొట్టుకు పరుగెత్తనక్కరలేదు. పటం దింపుకున్న ఫోనుతో ముందు రెండు మూడు ప్రయాణాలు చేయమనండి. ఫోను ఎక్కడెక్కడ, ఎందుకు మొరాయించిందో ఒక కాగితం మీద వ్రాసుకోమనండి. ఎండకా, వానకా, బ్యాటరీకా? ఆ కాగితం పట్టుకుని వెళితే ఏ యంత్రం కొనాలో కొట్టువాడు చెప్పనక్కరలేదు. కాగితం ఖాళీగా మిగిలితే, ఆ డబ్బు నాన్నమ్మ చేతికి ఇవ్వమనండి.