అద్దె ఇల్లు – ఏ పేటలో?

కాకినాడనుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. పెళ్ళయి ఎనిమిది నెలలైందట. భర్తకు హైదరాబాదులో, రాయదుర్గం దగ్గర, సాఫ్టువేరు కంపెనీలో ఉద్యోగం. ఈమె రెండేళ్ళు పట్టుదలగా పరీక్షలు వ్రాసి నాంపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తా పని సంపాదించుకుంది. వచ్చే నెల ఇద్దరూ కాపరం పెట్టాలి.

"మావారు గచ్చిబౌలిలో ఇల్లు చూస్తానంటున్నారు. తన ఆఫీసుకు దగ్గరట. నాకు దూరమైతే కొన్నాళ్ళు చేసి మానెయ్యమంటున్నారు. మా ఆడపడుచు కూకట్‌పల్లిలో అయితే మనవాళ్ళంతా వుంటారంటోంది. అత్తగారేమో గాలీ వెలుతురూ వున్నచోట చూసుకోమన్నారు. నాకు ఏ పేట ఎటుందో కూడా తెలియదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

అమ్మాయీ, నువ్వు ఇంటిని గురించి అడిగావు గాని, అసలు ప్రశ్న ఇల్లు కాదు. నీ ఉద్యోగం నిలుస్తుందా లేదా అన్నది. "కొన్నాళ్ళు చేసి మానెయ్యి" అన్నమాట మీవారు చెడ్డబుద్ధితో అని వుండరు. మగవాడి ఆఫీసు పక్కన ఇల్లు తీసుకోవడం మనకు తరతరాల అలవాటు. పూర్వం చెల్లింది. ఇప్పుడు ఇంట్లో ఉద్యోగాలు రెండు. ఒకరికి పది నిమిషాల దారి, ఇంకొకరికి రోజూ మూడు గంటల ప్రయాణం అయితే, ఆ రెండో ఉద్యోగాన్ని ఎవరూ మాన్పించనక్కర్లేదు. అలసటే మాన్పిస్తుంది. ఆరునెలలు తిరిగేసరికి నీ నోటితో నువ్వే "ఇక నావల్ల కాదు" అంటావు. దోషం మాత్రం ఎవరిదీ కానట్టు కనిపిస్తుంది.

కాబట్టి ముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకుని మెట్రో రైలు దారి గీసుకో. రాయదుర్గం ఒక లైను చివర వుంది. నాంపల్లి ఇంకో లైనుమీద వుంది. ఆ రెండూ కలిసేచోటు అమీర్‌పేట. అక్కడినుంచి ఆయనకు రాయదుర్గం తొమ్మిదో స్టేషను, నీకు నాంపల్లి ఆరోది. ఇద్దరిలో ఎవరూ బండి మారనక్కర్లేదు. గచ్చిబౌలిలో వుంటే నువ్వు ముందు బస్సో ఆటోనో పట్టుకుని రాయదుర్గం రావాలి, అక్కడ రైలెక్కాలి, అమీర్‌పేటలో దిగి మళ్ళీ వేరే రైలెక్కాలి. సాయంత్రం ఇదంతా తిరగేసి చెయ్యాలి. ఆపైన వచ్చి కుక్కరు పెట్టాలి!

మీ ఆడపడుచు మాటా తీసిపారెయ్యదగ్గది కాదు. కూకట్‌పల్లి హౌసింగుబోర్డు కాలనీలో కోస్తా కుటుంబాలు చాలా వున్నాయి. ఆవకాయ కారంనుంచి అరిసెలదాకా అన్నీ దొరుకుతాయి. కొత్త ఊళ్ళో జ్వరమొస్తే పలకరించే మనిషి వుండడం చిన్న విషయమేమీ కాదు. అక్కడి స్టేషనునుంచి నీకు నాంపల్లి పద్నాలుగోది, బండి మారే పని లేదు. కాని మీవారు రైల్లో వెళ్ళాలంటే అమీర్‌పేటదాకా వచ్చి వెనక్కి మళ్ళాలి. రోడ్డున దగ్గరే గాని, ఆఫీసుల వేళ ఆ రోడ్డుమీద బస్సు కదలడమే గగనం.

నన్నడిగితే అమీర్‌పేట చుట్టుపక్కల సంజీవరెడ్డినగర్, వెంగళరావునగర్, మధురానగర్, యూసఫ్‌గూడ చూడండి అంటాను. అమీర్‌పేట నడిబజారు వద్దు. కోచింగు సెంటర్లు, హాస్టళ్ళు, రాత్రి పదింటిదాకా సందడి. రెండు మూడు వీధులు లోపలికి పోతే పాతకాలపు మేడలమీద రెండుగదుల వాటాలు దొరుకుతాయి. గచ్చిబౌలి అపార్ట్‌మెంటు తళుకు వాటికి వుండదు. లిఫ్టు వుండకపోవచ్చు. అత్తగారు కోరిన గాలి మాత్రం మేడమీద వాటాకు వుంటుంది. కూరలకు ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర. ఇంకొక మాట. 2023 డిసెంబరునుంచి తెలంగాణ ఆడవారికి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. దానికి తెలంగాణ చిరునామా వున్న కార్డు చూపాలి. నీ ఆధార్ కాకినాడది గనుక, ఇల్లు కుదిరిన వెంటనే చిరునామా మార్పించుకో.

పేట కుదిరాక ఇల్లు. బ్రోకరు ఎప్పుడూ ఆదివారం పొద్దున్నే చూపిస్తాడు. ఆదివారం పొద్దున హైదరాబాదులో ప్రతి వీధీ స్వర్గమే! మీరు ఇంకో రెండుసార్లు వెళ్ళండి. పనిరోజు తొమ్మిదింటికి ఒకసారి, ఇంటి గుమ్మంనుంచి స్టేషనుదాకా ఇద్దరూ నడిచి చూడండి. దీపాలు పెట్టాక ఒకసారి, నువ్వు ఆలస్యంగా వస్తే ఆ దారిన ఒంటరిగా రాగలవో లేదో చూడండి. ఇంటాయన చెప్పని సంగతులు ఇస్త్రీబండివాడు, మూల కిరాణాకొట్టతను చెబుతారు. అర్ధరూపాయి ఖర్చు లేదు.

అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె కాదు, నీళ్ళు. కుళాయి ఎన్నాళ్ళకొకసారి వస్తుంది, ఎండాకాలం బోరు ఎండిపోతుందా, ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిది? రెండోదీ నీళ్ళే, వాననీళ్ళు. హైదరాబాదు చెరువుల ఊరు. మాసబ్‌ట్యాంకులో ఇప్పుడు చెరువు పేరే మిగిలింది. శిఖం భూముల్లో కట్టిన ఇళ్ళను వాన మరిచిపోదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఎన్నో కాలనీలు మునిగి, జనాన్ని పడవల్లో తీసుకురావలసి వచ్చింది. కాబట్టి ప్రహరీగోడమీద తడి గీత ఎంత ఎత్తున వుందో చూడు. "ఆ యేడు ఇక్కడ నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?" అని పక్కింటివారిని అడుగు.

కరెంటు మీటరు మీ వాటాకు విడిగా వుండాలి. యూనిట్లు పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది గనుక, రెండు వాటాలకు ఒకే మీటరుంటే ఇద్దరి వాడకమూ కలిసి పై ధరలో పడుతుంది. ఒప్పందం పదకొండు నెలలకు వ్రాసుకోవడం ఆనవాయితీ. ఏడాది దాటితే రిజిస్ట్రీ చేయించాలని 1908 నాటి చట్టం. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఎంత పట్టుకుంటారు, ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఈ మూడూ కాగితంమీద వుండాలి. అడ్వాన్సుకు రశీదు పుచ్చుకో. "మనలో మనకెందుకమ్మా కాగితాలు" అన్నవారి దగ్గర రెండు రశీదులు పుచ్చుకో!

చివరిది చెప్పడానికి కష్టంగా వుంది, కాని చెప్పక తప్పదు. కొన్ని ఇళ్ళల్లో తాళం తీసేముందే "మీరెవరండీ?" అని అడుగుతారు. అంటే కులం. తరవాత "తింటారా?" అని. అంటే మాంసం. ఇల్లు నచ్చిందిగదా అని అబద్ధం చెప్పబోకు. గోదావరి గాలి పీల్చి పెరిగినదానివి, చేప వేయించిన ప్రతి రోజూ కిటికీలు మూసుకుని దొంగలా వండుకోవలసిన ఇల్లు ఎంత చవకైనా ఖరీదైనదే. నమస్కారం పెట్టి మెట్లు దిగిపో. మనుషుల్ని మనుషులుగా చూసి వాటా ఇచ్చే ఇంటివారూ ఈ నగరంలో కావలసినంతమంది వున్నారు. నాలుగు వీధులు ఎక్కువ తిరగాలి, అంతే.

ఈ మొదటి ఇల్లే జన్మకంతా అనుకోకండి. మంచం, పరుపు, గ్యాసుపొయ్యి, నాలుగు గిన్నెలతో దిగండి. సోఫాలు, బీరువాలు కొనకండి. పదకొండు నెలల్లో ఊరు మీకు అర్థమవుతుంది. అప్పుడు ఇష్టమైన పేటకు మారవచ్చు. ఇల్లు మారడం సులభం. రెండేళ్ళు చదివి తెచ్చుకున్న ఉద్యోగం వదులుకుంటే మళ్ళీ తెచ్చుకోవడం సులభం కాదు.

ఈ పేజీ మీవారికి చదివి వినిపించు. కోపంగా కాదు, కాఫీ ఇచ్చి. ఆ తరవాత ఒక పనిరోజున నాంపల్లినుంచి గచ్చిబౌలికి, సాయంత్రం ఆరింటివేళ, ఆయన్ని నీతోపాటు ఒక్కసారి ప్రయాణం చెయ్యమను. దిగేసరికి ఇల్లెక్కడ తీసుకోవాలో ఆయనే చెబుతారని నాకు నమ్మకం. ఇల్లు కుదిరాక నాకో కార్డుముక్క వ్రాయి. ఏ పేటో, నీళ్ళెలా వున్నాయో!