గ్యాస్ గోళీ: మానాల్సింది నేను, మానేసింది నాన్న

ముందే ఒప్పేసుకుంటున్నా. మా నాన్న ఆసుపత్రి పాలవడంలో నా వాటా పెద్దది.

నేనుండేది కొత్తపేటలో. పొద్దున్నే విక్టోరియా మెమోరియల్ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆఫీసుకి చేరేసరికి పదిన్నర. టిఫిన్ అప్పుడే. రాత్రి అమెరికా వాళ్ళతో కాల్సు, పదకొండింటికి భోజనం, శనివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్లో మిర్చీబజ్జీలు. కడుపులో మంట రాక ఏమొస్తుంది చెప్పండి? నాలుగేళ్ళ క్రితం మెయిన్ రోడ్డు మీద ఒక మందుల షాపులో అడిగితే, "ఏం గాదు సార్, పొద్దుగాల పరగడుపున ప్యాన్-డి ఒకటేసుకోండి" అన్నాడు. స్ట్రిప్పు మీద ఆర్‌ఎక్స్ అని ఉంటుంది, అంటే డాక్టరు చీటీ చూసే అమ్మాలి. ఆయన అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఎన్నాళ్ళు వేసుకోవాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అలా నాలుగేళ్ళు మింగా. ప్రొడక్షన్లో ఎవడో "ప్రస్తుతానికి" అని పెట్టిన స్క్రిప్టు ఉంటుంది చూడండి, ఎందుకు నడుస్తోందో ఎవరికీ తెలీదు, ఆపడానికి ఎవరికీ ధైర్యం లేదు. అదన్నమాట.

నాన్న సంగతి వేరు. ఆయనకి 68. గుండెకి స్టెంట్ పడింది, అప్పట్నుంచీ రోజూ ఎకోస్ప్రిన్. దాంతోపాటే డాక్టరు ప్యాంటప్రజోల్ 40 రాశారు. ఆయనకీ నాలాగే గ్యాస్ అనుకున్నా నేను. ఆయనా అలాగే అనుకున్నాడు.

ఇక అసలు ఘోరం. ఒకరోజు నెట్లో ఏదో చదువుతుంటే ఈ గోళీలు ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు పోతాయి, ఎముకలు విరుగుతాయి అని కనబడింది. నేను చెయ్యాల్సింది ఏమిటి? డాక్టరు దగ్గరికి పోవడం. నేను చేసింది ఏమిటి? ఇంటి వాట్సాప్ గ్రూపులో పడేసి, కాఫీ తాగి, మర్నాడు పొద్దున మళ్ళీ నా గోళీ నేను వేసుకోవడం! నాన్న మాత్రం బుద్ధిగా మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. అదే నెలలో మోకాళ్ళ నొప్పులకి షాపులో ఎసిక్లోఫెనాక్ కొనుక్కున్నాడు. అదీ చెప్పలేదు.

మూడు వారాలకి ఒక తెల్లవారుజామున బాత్రూంలో కళ్ళు తిరిగి కూలబడ్డాడు. నాలుగు రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందట, "ఐరన్ గోళీ వల్లనేమో" అనుకున్నాడట. ఎల్బీనగర్లో ఆసుపత్రికి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 7. రెండు యూనిట్ల రక్తం, ఎండోస్కోపీ. కడుపులో పుండు, అందులోంచి రక్తం. డాక్టరమ్మ "పెద్దాయనా, గ్యాస్ టాబ్లెట్ వేసుకోవట్లేదా?" అంటే నాన్న నావైపు తిరిగి, "నువ్వే పంపినవ్ గదరా గ్రూపుల" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. తిట్టినా బాగుండేది.

అప్పుడు తెలిసింది, నాన్న గోళీ గ్యాస్ కోసం కాదని. కడుపు లోపలి పొరని ఆమ్లం తినెయ్యకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనేవి కాపాడతాయి. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇవన్నీ ఆ కాపలానే తగ్గిస్తాయి. అందుకని ఆమ్లం ఊరడాన్నే తగ్గించే మందు తోడుగా ఇస్తారు. ఇలాంటి పుండు చాలాసార్లు నొప్పి, మంట ఏమీ లేకుండానే రక్తం కారుస్తుంది. "నాకు మంట లేదుగా, గోళీ ఎందుకు" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఆస్పిరిన్‌కి నొప్పి మాత్ర తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

మరి కిడ్నీల మాట అబద్ధమా? పూర్తిగా కాదు. ఈ మందుల వల్ల అరుదుగా కిడ్నీలో వాపు వస్తుంది. చాలాకాలం వాడితే బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. కానీ నేను పంపినలాంటి వార్తల్లో ఎక్కువ భాగం, గోళీ వాడేవాళ్ళనీ వాడనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి లెక్కేసినవి. వాడేవాళ్ళు అసలే జబ్బు మనుషులు, తేడా రాదూ? 2019లో వచ్చిన కంపాస్ అనే పరీక్షలో దాదాపు 17,600 మంది గుండె, రక్తనాళాల జబ్బులున్నవాళ్ళని చీట్లు తీసినట్టు రెండుగా చేసి, సగం మందికి ప్యాంటప్రజోల్ 40, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్ళు చూశారు. స్పష్టంగా పెరిగింది పేగుల ఇన్‌ఫెక్షన్ ఒక్కటే, 1.0 శాతం నుంచి 1.4 శాతానికి. నాన్నలాంటి వాళ్ళ మీదే చేసిన పరీక్ష అది. నేను అది చదవలేదు, హెడ్డింగు చదివా. ఎర్రర్ మెసేజీ మొదటి లైను చూసి రూట్ కాజ్ రాసేసే జూనియర్‌ని ఎన్నిసార్లు కసిరానో నాకే తెలుసు.

డాక్టర్లని కూడా ఒక మాట అనాలి. ఎందుకు రాస్తున్నారో, ఎప్పటిదాకా వెయ్యాలో చీటీలో ఒక్క ముక్క రాస్తే ఇంత జరిగేది కాదు. "1-0-0, భోజనానికి ముందు" అంటే రోగికి అర్థమయ్యేది ఎప్పుడు అనే, ఎందుకు అని కాదు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో చెప్పిందీ దాదాపు ఇదే: ఈ మందు వాడే ప్రతివాడి దగ్గరా కారణం ఉందో లేదో ఎప్పటికప్పుడు చూడాలి, కారణం లేకపోతే మాన్పించాలి, రక్తస్రావం ప్రమాదం ఎక్కువున్నవాళ్ళని మాత్రం మాన్పించకూడదు.

వేసుకునే పద్ధతి కూడా డాక్టరమ్మే చెప్పింది. టిఫిన్‌కి అరగంట, గంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే తిండి తగిలినప్పుడే ఆమ్లం పంపులు పనిలోకి దిగుతాయి, మందు పట్టుకునేది పనిచేస్తున్న పంపుల్నే. నమలకూడదు, పొడి చెయ్యకూడదు, పైపూత పోతే మందు కడుపులోనే పాడైపోతుంది. బజ్జీలు తిన్నాక మంటకి వేసుకుంటే లాభం లేదు, దానికి డైజీన్ లాంటిది వేరే ఉంది. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ విషయంలో డాక్టర్ని అడగాలి, ఆ జోడీ వద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది.

పన్లో పని నా సంగతీ అడిగా. "డి అంటే ఏంటో తెలుసా?" అంది. డొంపెరిడోన్ అట. గుండె లయ మీద ప్రభావం ఉందని యూరప్‌లో 2014లో దాన్ని మామూలుగా వారానికి మించి వాడొద్దన్నారు. నాలుగేళ్ళు మింగిన నేను నోరెత్తలేదు. హెలికోబాక్టర్ పరీక్ష రాసింది, దానికి రెండు వారాల ముందే గోళీ ఆపాలంది. ఆపితే మంట పెరగొచ్చనీ చెప్పింది. ఏ జబ్బూ లేనివాళ్ళకి ఎనిమిది వారాలు ఇలాంటి మందిచ్చి ఆపిన ఒక పరీక్షలో 44 శాతం మందికి మంట మొదలైందట, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 15 శాతానికే. అంటే ఆపగానే వచ్చిన మంటని చూసి "అమ్మో, నాకిది కావాల్సిందే" అనుకోనక్కర్లేదు.

ఇవాళ్టికి పదకొండో రోజు. రాత్రిళ్ళు మండుతోంది, డైజీన్‌తో నెట్టుకొస్తున్నా. నాన్న కోలుకున్నాడు. షాపు నొప్పి మాత్ర బంద్. ప్యాంటప్రజోల్ డబ్బా మీద నేనే మార్కర్‌తో "గ్యాస్‌కి కాదు, ఎకోస్ప్రిన్ కోసం, అడక్కుండా ఆపొద్దు" అని రాశా. గ్రూపులో ఆ పాత మెసేజీ డిలీట్ చేద్దామని చూస్తే టైం దాటిపోయింది. దాని కిందే ఇదంతా టైపు చేసి పెట్టా. మా పెద్దమ్మ ఫోన్ చేసి, "నేను గూడ ఆపేసిన బిడ్డా, మల్ల ఎయ్యాల్నా?" అని అడిగింది. ఆమెకి బీపీ ఒక్కటే అనుకుంటున్నా. రేపు ఆమె చీటీలన్నీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోవాలి.