సర్వపిండికి పరాయి పేరేల?

మా తూప్రాన్ దగ్గర రహదారి పక్కన వెలసిన ఒక ఫ్యూజన్ భోజనశాలకు మొన్న మనవడి కోరికపై వెళ్ళాను. పట్టికలో “తెలంగాణ పిజ్జా” అని ఉన్నది. తెప్పించి చూద్దును గదా, మన సర్వపిండి! పైన ఇంత చీజ్.

మిత్రులారా, కలగలుపు మీద నాకు కోపం లేదు. మిరపకాయ సైతం 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట వచ్చినదే. మనవారు దానికి తెలుగు పేరు పెట్టి ఇంటిదాన్ని చేసుకున్నారు. అరబ్బు దేశాల హలీమ్ హైదరాబాదుదై, 2010లో భౌగోళిక గుర్తింపు పొందినా తన పేరు వదులుకోలేదు.

నా పేచీ అంతా పేరుతోనే. సర్వ అనే పాత్రలో పిండిని అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి కాలుస్తారు గనుక అది సర్వపిండి. పాత్ర ఆ పేరులోనే ఉన్నది. ఒకప్పుడు జవాబుపత్రాలు దిద్దడానికి వరంగల్లు వెళ్ళినప్పుడు, బస చేసిన ఇంటి అవ్వ “మాడిన అంచే రుచి సారూ” అంటూ వడ్డించింది. ఆ అంచు “పిజ్జా” అన్న మాటలో ఎక్కడున్నది?

“ఆ పేరైతేనే పిల్లలు తింటారు” అన్నాడు యజమాని. నేపుల్స్ వారు తమ పిజ్జాకు మన కోసం పేరు మార్చారా? ఆ తయారీకళకు 2017లో యునెస్కో గుర్తింపు దక్కింది. వారి మాటను పలకడం మన పిల్లలే నేర్చుకున్నారు. సొంత మాట నేర్వలేరా?

ఇంటికి రాగానే మనవడు “నానమ్మా, తెలంగాణ పిజ్జా చెయ్యవా?” అన్నాడు. ఆమె “నాకు రాదు బిడ్డా” అన్నది. నలభై ఏళ్ళుగా ఆమె చేస్తున్నది అదే!