రక్తం ఇచ్చారు సరే.. రిపోర్టు ఏది?

ఉద్దానంలో క్రియాటినిన్‌ అంకెపైనే బతుకులు
ఒక్క పరీక్షతో తేలని వ్యాధి
రెండో పరీక్షకు చేరుకోలేకపోతున్న శ్రమజీవులు

పలాస: అక్షరం రాని వృద్ధుల నోట సైతం ఉద్దానంలో తరచూ వినిపించే వైద్య పదం ‘క్రియాటినిన్‌’. పరామర్శకు వచ్చిన చుట్టం ముందుగా అడిగేది ‘ఎంతుంది?’ అనే. మందులు, డయాలసిస్‌, పింఛను.. అన్నీ ఆ అంకెను బట్టే నిర్ణయమవుతాయి. అయితే రక్తం ఇవ్వడంతోనే పరీక్ష ముగిసిందని భావించేవారు ఎందరో. ఫలితం కాగితంపై చేతికి అంది, దాని అర్థం రోగికి తెలిసి, తిరిగి ఎప్పుడు రావాలో తేలినప్పుడే పరీక్ష పూర్తయినట్లు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా నష్టపోయేది మూత్రపిండమే.

చాపకింద నీరులా..

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో రెండు దశాబ్దాలకు పైగా ఈ వ్యాధి ప్రబలి ఉంది. మధుమేహం, రక్తపోటు లేనివారినీ ఇది వదలడం లేదు. మూలకారణం ఇదేనని నేటికీ నిర్ధారణ కాలేదు. 2019లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్‌ రిపోర్ట్స్‌’ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, పరీక్షించిన 2,210 మందిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంత రైతులు, మధ్య అమెరికా చెరకు కార్మికులు కూడా ఇటువంటి వ్యాధితోనే బాధపడుతున్నారు.

క్రియాటినిన్‌ అనేది కండరాల్లో తయారయ్యే వ్యర్థం. మూత్రపిండాలు దానిని వడపోసి బయటకు పంపుతాయి. పురుషుల్లో ఇది డెసిలీటరుకు సుమారు 0.7 నుంచి 1.3 మిల్లీగ్రాముల వరకు, స్త్రీలలో కొంత తక్కువగా ఉంటుంది. మూత్రపిండాల సామర్థ్యం దాదాపు సగం తగ్గే వరకు ఈ అంకె పెద్దగా పెరగకపోవచ్చు. ఉద్దానం వ్యాధిలో మూత్రం ద్వారా పోయే ప్రొటీన్‌ కూడా స్వల్పమే. అందుచేత మూత్రంలో పట్టీ ముంచి చూసే పరీక్షకు అది దొరకకుండా పోతుంది. కాళ్లవాపు, వాంతులు, ఆయాసం కనిపించే నాటికి సమయం మించిపోతుంది.

అంకె ఒకటే.. అర్థం వేరు

క్రియాటినిన్‌ 1.4 ఉన్న పాతికేళ్ల యువకునికి మూత్రపిండాల వడపోత వేగం లెక్క ప్రకారం నిమిషానికి 71 మిల్లీలీటర్ల వరకు ఉంటుంది. అదే 1.4 అరవై ఏళ్ల మహిళకు వస్తే ఆ వేగం సుమారు 43 మాత్రమే. 60 కంటే తక్కువ స్థాయి మూడు నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినా, నొప్పి మాత్రలు వాడినా అంకె తాత్కాలికంగా పెరగవచ్చు. కనుక ఒక్క రిపోర్టుతో భయపడటమూ పొరపాటే, నిశ్చింతగా ఉండటమూ పొరపాటే. మూడు నెలల తర్వాత చేయించే రెండో పరీక్షే నిజం చెబుతుంది.

ఆ రెండో పరీక్ష వద్దే చిక్కు. జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే మహిళకు గానీ, కొబ్బరి తోటలో కూలికి వెళ్లే వ్యక్తికి గానీ రక్తం ఇవ్వడానికి ఒక పూట, రిపోర్టుకు మరో పూట పోతుంది. కూలికి తోడు ఆటో ఛార్జీలూ నష్టమే. ‘బాగానే ఉంది’ అన్న నోటిమాటతో ఇంటికి చేరితే అంకె ఎక్కడా మిగలదు. మరో వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు కథ మళ్లీ మొదటికి వస్తుంది.

5 దాటితేనే ఆసరా

డయాలసిస్‌ రోగులకు నెలకు రూ.10 వేల పింఛను 2019లో అమల్లోకి వచ్చింది. డయాలసిస్‌ వరకు వెళ్లనివారికి ఇచ్చే రూ.5 వేలను 2024లో రాష్ట్ర ప్రభుత్వం రూ.10 వేలకు పెంచింది. దీనికి క్రియాటినిన్‌ 5 దాటి ఉండాలి, లేదా వడపోత వేగం 15 కంటే తగ్గాలి, లేదా మూత్రపిండం కుంచించుకుపోయి ఉండాలి. అంటే మూత్రపిండం దాదాపు చేజారిన తర్వాతే ఆసరా అందుతోంది. అంకె 2 వద్ద ఉన్న మనిషికి పరీక్ష కోసం కూలి పోగొట్టుకోవడానికి ప్రోత్సాహమేదీ లేదు. కానీ వైద్యం ఎక్కువగా ఉపకరించేది ఆ దశలోనే. రక్తపోటును అదుపులో ఉంచడం, నొప్పి మాత్రలు మానడం, వైద్యుని సలహాపై ఆహార నియమాలు పాటించడం ద్వారా డయాలసిస్‌ను కొన్నేళ్లు వెనక్కి నెట్టే అవకాశం ఉంది.

వసతులు మెరుగుపడిన మాట వాస్తవం. ఒకప్పుడు నిపుణుల వైద్యానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖ కేజీహెచ్‌కు వెళ్లేవారు. 2019లో శంకుస్థాపన జరిగిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరు 14న పలాసలో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకమూ అదే రోజు మొదలైంది. భవనం దగ్గరైంది. ఇక దగ్గర కావలసింది రిపోర్టు.

అడిగి తీసుకోవలసినవి

* రిపోర్టుపై హక్కు రోగిదే. రోగి కోరితే వైద్య రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఆస్పత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని కూడా అవి నిర్దేశిస్తున్నాయి.
* క్రియాటినిన్‌తో పాటు వడపోత వేగం ఎంతో రాయించుకోవాలి.
* వీలైనంత వరకు ఒకే ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవాలి. పద్ధతి మారితే అంకెలో కొద్దిపాటి తేడా రావచ్చు.
* పాత రిపోర్టులను తేదీల వరుసలో దాచి, ప్రతిసారీ వైద్యునికి చూపాలి.

కారణాన్వేషణ శాస్త్రవేత్తల పని. దానికి ఎన్నేళ్లు పట్టినా రిపోర్టును ఇంటికి చేర్చడానికి అన్నేళ్లు అక్కర్లేదు. గ్రామంలో రక్తం సేకరించిన ప్రతి ఒక్కరికీ నిర్ణీత గడువులో ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్తల ద్వారా ఫలితం అందించి, తదుపరి పరీక్ష తేదీని దానిపైనే రాసి ఇస్తే పేదకు ఒక పూట కూలి మిగులుతుంది. కొందరికి మూత్రపిండమూ మిగులుతుంది.